ఆరడుగుల దూరం

"సేపల్ని సూడ్డానికి టౌనుకెల్తావా? నీకేటైనా మతి పోయిందేటమ్మా?"

నాగబాబు అరిచిన అరుపుకి గుమ్మం పక్కన పడుకున్న కుక్క లేచి వీధిలోకి పోయింది.

తవిటమ్మ అరుగు మీంచి కదల్లేదు. ఆసుపత్రిలో కళ్ళలో వేసిన చుక్కల మంట ఇంకా తగ్గలేదు. పైటచెంగు ఉండలా చుట్టి కళ్ళకు ఒత్తుకుంటోంది. పొద్దున్నే యారాడలో బయల్దేరి, టౌనులో కళ్ళాసుపత్రికి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. వచ్చినప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోలేదు.

"మతుండే అడుగుతన్నాను," అంది తవిటమ్మ. "మంగళారం ఆపరేషనన్నారు గదా. ఆ లోపల నాను బీచి రోడ్డులో ఆ అక్వేరియం సూడాల. ఆపరేషనయ్యాక ఉన్న సూపు ఉంటాదో ఊడతాదో ఆ డాక్టరే సెప్పలేకపోనాడు."

"నలభై ఏళ్ళు గంప మోసి సేపలమ్మినావు. సూడని సేపుందా నీకు?"

"అన్నీ సూడని సేపలే రా."

నాగబాబు అర్థం కానట్టు తల్లి వంక చూశాడు.

"గంపలోకొచ్చిన సేపలన్నీ సచ్చిపోనవే. కళ్ళు తేలేసినవే. వల్లో కొట్టుకుంటుంటే సూసినాను, ప్రాణం పోతుంటే కొట్టుకోడం అది. నీళ్ళలో దాని పాటికది తిరుగుతుంటే ఎలాగుంటాదో నాకు తెల్దు. నువ్వు సూసినావు, మీ అయ్య సూసినాడు. మీరు సముద్రమ్మీదకి ఎల్లినోళ్ళు. నాను ఒడ్డునే ఉండిపోనాను."

అరుగు చివర వల బాగుచేస్తున్న పైడయ్య చెయ్యి ఆగింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో భార్య నోటివెంట ఈ మాట వినడం అదే మొదటిసారి.

"ఆదివారం ఎల్దాం," అన్నాడు. అంతే అని మళ్ళీ సూది అందుకున్నాడు.

వంటింటి గడప లోపల నిలబడి కోడలు సూర్యకళ ఈ మాటలన్నీ వింది. చేతిలో అన్నం గిన్నె. అది పొయ్యి మీంచి దింపి ఎంతసేపయిందో ఆమెకు గుర్తు లేదు.

పొద్దున డాక్టరు అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది.

"నీటికాసులమ్మా ఇవి. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో నడిమధ్య కొంచెం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికే ఆపరేషన్." ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగైదు నెలల ముందు తెస్తే చాలా మిగిలేది. ముందెవరికీ చూపించలేదా?"

"నేదండి బాబూ," అన్నాడు నాగబాబు. "ఎవురూ సెప్పనేదండి."

ఆ మాట అన్నప్పుడు సూర్యకళ అతని వెనకే నిలబడి ఉంది. గోడ మీద అక్షరాల పటం వేలాడుతోంది. పై వరస నుంచి కింది వరస దాకా, మళ్ళీ కింది నుంచి పైకి, అందులోని అక్షరాలన్నీ చదువుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

*

నాగబాబు వంటింట్లోకి వచ్చాడు. నీళ్ళడుగుతాడేమో అనుకుంది. అడగలేదు. గోడకి చేరగిలబడి కిందకి జారి కూర్చున్నాడు.

"నాను కొడుకునేనా సూరీ?"

ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఎవురికీ సూపించనేదా అని ఆ డాక్టరడిగితే నాకు తల తీసీసినట్టయింది. ఇంట్లో మనిషికి ఒక కన్ను పోయింది. నాకు తెల్దు. బోటు మీద రాత్రుళ్ళు ఎక్కడో దూరంగా దీపం ఆరితే కనిపెట్టీస్తాను గానీ, ఎదురుగా అన్నం తింటున్న మాయమ్మ కన్ను ఆరిపోతే కనిపెట్నేకపోనాను."

"అలాగనుకోకు," అంది సూర్యకళ.

"మరెలాగనుకోమంటావు? తప్పు నాది గాకపోతే ఎవురిదే?"

అతను తలెత్తి చూశాడు. నిజంగానే అడుగుతున్నాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

సూర్యకళ పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన నిప్పుల్ని పుల్లతో కదిపింది. అతను ఇంకాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు.

తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు.

మాఘమాసంలో ఊరి బళ్ళో కళ్ళ పరీక్షలు పెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో పాటు తవిటమ్మ కూడా వెళ్ళింది. తోడుగా సూర్యకళ వెళ్ళింది. లైటు వేసి చూసిన కుర్ర డాక్టరు చీటీ రాసి, ఈ ఇంట్లో చదువుకున్న మనిషి ఆమేనని తెలిసి, ఆమె చేతికే ఇచ్చాడు. పుట్టిల్లు పూడిమడకలో ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువు అది. బడి మెట్లు దిగుతూనే చదివేసింది. 'వెంటనే పెద్ద ఆసుపత్రిలో చూపించవలెను. ఆలస్యమైన చూపు పోవును.'

"ఏటి రాసినాడే?" అనడిగింది అత్త.

అప్పటికి తన చెల్లెలి పెళ్ళికి పదిరోజులే ఉంది. పందిరి పనుల దగ్గర్నుంచి సారె సర్దడం దాకా అన్నీ సూర్యకళే వచ్చి చూసుకోవాలని పుట్టింటివాళ్ళు అనుకున్నారు. ఈ చీటీ సంగతి తెలిస్తే నాగబాబు మర్నాడే తల్లిని తీసుకుని ఆసుపత్రికి పరిగెడతాడు. పెళ్ళికి ఎవరూ వెళ్ళరు. ఆ ఒక్క క్షణంలో ఇదంతా ఆలోచించింది.

"అద్దాలు పెట్టుకోవాలంటత్తా. తొందరేటీ నేదంట," అంది.

పెళ్ళయ్యాక చెబుదామనుకుంది. పెళ్ళయ్యాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం పట్టుకుంది. వారం గడిస్తే ఆ భయం ఇంకో వారం పెరిగింది. తవిటమ్మ ఎడమపక్కనున్న బిందె తన్నుకుని పడబోయిన రోజున, సూర్యకళ ఆ బిందెని అక్కణ్నుంచి జరిపేసింది. అప్పట్నుంచి రోజూ తెల్లవారగానే అత్త కంటే ముందు లేచి, అత్త నడిచే దారిలో అడ్డం వచ్చేవన్నీ తీసేసేది. చీపురు, పీట, వల మూట. దారి శుభ్రంగా ఉంచింది గానీ నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడు జూలై నెల సగానికొచ్చింది.

*

రెండో శనివారం, బడి లేదు. పొద్దున్నే సూర్యకళ కూతురు దేవి తన నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, అక్వేరియం పటం గీసింది.

దేవి ఆరో తరగతి. పోయిన డిసెంబరులో బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూసొచ్చింది. ఆ వారమంతా మామ్మ పక్కలో దూరి అవే కబుర్లు చెప్పింది. తవిటమ్మకి ఈ కోరిక అప్పట్నుంచి ఉందో, నిన్న ఆసుపత్రిలో పుట్టిందో ఎవరికీ తెలియదు.

"గుమ్మం దాటగానే మెట్టుంటాది మామ్మా. లోపల సీకటి. అద్దాల ఎనకాలే లైట్లు. కుడిపక్క చిన్న రంగు సేపలు, అవి తొందరగా సూసీద్దాం. ఎడంపక్క చివర్న పెద్ద తొట్టి. అందులో పళ్ళెంలాగ బల్లపరుపుగా టేకు సేప ఉంది. రెక్కలు ఇలాగిలాగ ఆడించి ఎగురుతున్నట్టే ఎల్తాది!"

"ఎడంపక్క నాకు కనపడదే."

"నువ్వు తిరిగి నిలబడాల. నాను తిప్పుతాను గదా."

"తిప్పినా గొట్టంలోంచి ఏటి కనపడతాది? తల సూత్తే తోక పోతాది."

దేవి పెన్సిలు చివర కొరుకుతూ ఆలోచించింది. తర్వాత వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, పొద్దున నాగబాబు తెచ్చిన చేపల్లోంచి ఒక చందువా తీసింది.

"అమ్మా, నువ్వొచ్చి ఇది పట్టుకో. కదపకూడదు."

సూర్యకళ చేతులు తుడుచుకుని వాకిట్లోకి వచ్చింది. చేపని రెండు చేతులతో తన రొమ్ము ఎత్తులో పట్టుకుని నిలబడింది. దేవి మామ్మని తెచ్చి సరిగ్గా ఎదురుగా, అడుగు దూరంలో నిలబెట్టింది.

"ఏటి కనపడతంది?"

"కన్ను. దాని కన్నొకటే."

"ఒకడుగు ఎనక్కి రా. ఇప్పుడు?"

"తల... మొప్ప."

"ఇంకోటి."

తవిటమ్మ కాలితో నేల తడుముకుంటూ వెనక్కి నడిచింది. నాలుగో అడుగుకి వెన్ను కనపడింది. ఐదో అడుగుకి సగం చేప. ఆరో అడుగు వేసి ఆగిపోయింది.

"ఓలమ్మో! తోకొచ్చిందే! తలా తోకా ఒక్కసారే కనపడతన్నాయి!"

"ఆరడుగులు!" దేవి గంతేసి కాగితం మీద రాసుకుంది. "టేకు సేపకి పదిహేనైనా కావాలి. ఎనకాల జనం అడ్డొస్తే తాత జరుపుతాడు. పొద్దున్న తెరవగానే ఎల్లిపోతే జనం ఉండరు."

ముఖాన చిరునవ్వుతో తవిటమ్మ అలాగే చూస్తూ నిలబడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఆ సేపని పట్టుకున్నదెవురే?"

సూర్యకళ చేపని ఇంకాస్త పైకెత్తింది. "నానే అత్తా."

"నువ్వా. నీ మొకం కనపట్నేదు. సేపే కనపడతంది. కదపకే. సేప ఊగుతంది."

ఎదురుగా ఆరడుగుల దూరంలో ఉన్న మనిషికి తన ముఖం కనబడ్డం లేదు. తన కళ్ళలో నీళ్ళు కనబడ్డం లేదు. అది అదృష్టమనుకోవాలో ఏమనుకోవాలో సూర్యకళకి తెలియలేదు.

"ఏటర్రా, సేపతో ఆటలాడతన్నారు?" అంటూ పక్కింటి పోతమ్మ వచ్చింది. తవిటమ్మతో కలిసి ఇరవై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. ఆదివారం ప్రయాణం సంగతి అప్పటికే వీధంతా పాకింది. "నాను కూడా ఒత్తాను తవిటమ్మా. నా కన్ను ఆపరేషనయ్యాక సిన్న అచ్చరాలు కూడా కనపడతన్నాయి. సదవడం రాదు గానీ."

తవిటమ్మ నవ్వింది. "నీకెప్పుడు సేసినారే?"

"మర్సిపోనావా? మన బళ్ళో సూసినారు గదా మాఘమాసంలో. నాకు సుక్లాలని సీటీ రాసిచ్చినారు. ఆ సీటీ పట్టుకెల్తే సేసీసినారు. నీ సీటీలో ఏటి రాసినారు మరి?"

"నాకేటీ రాయనేదు. అద్దాలన్నారు."

"అద్దాలా?" పోతమ్మ ఆశ్చర్యపోయింది. "నీ కంట్లో లైటేసి ఆ కుర్ర డాక్టరు ఇంకో డాక్టర్ని పిలిసినాడు. ఇద్దరూ సూసినారు. అద్దాలకి అంత సూడాలా?"

అరుగు మీద కూర్చుని గేలం తాడు చిక్కు తీస్తున్న నాగబాబు తలెత్తాడు.

"సీటీ ఉందా? ఎవురికిచ్చినారు?"

"సూర్యకళ సేతికే ఇచ్చినారు. నాను సూసినాను."

అందరూ సూర్యకళ వైపు తిరిగారు. చందువా ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

"ఆ సీటీ ఏటైందే?" నాగబాబు అడిగాడు.

"పెళ్ళి హడావిడిలో ఎక్కడో పోయుంటాది లేరా," అంది తవిటమ్మ తేలిగ్గా. "దానికి ఆ పది రోజులూ కాలు నిలిసిందా?"

తప్పించుకోవడానికి దారి అత్తే చూపించింది. అవునత్తా, పోయింది అంటే చాలు. పోతమ్మ కూడా సరే అనుకుంటుంది. ఆదివారం అందరూ కలిసి వెళ్ళొస్తారు.

సూర్యకళ చేపని మెల్లగా అరుగు మీద పెట్టింది.

"పోనేదత్తా. నా పెట్టెలో ఉంది."

సూర్యకళ తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"అద్దాలని అబద్ధం సెప్పినాను. ఎంటనే పెద్దాసుపత్రికి తీసుకెల్లమని రాసుంది. ఆలస్యమైతే సూపు పోతాదని కూడా రాసుంది. నాను సదివినాను. సదివే సెప్పినాను."

"ఎందుకు?" అన్నాడు నాగబాబు.

"సెల్లి పెళ్ళి ఆగిపోతాదని."

"పెళ్ళయ్యి ఐదు నెలలైంది గదే!"

"అయినాక సెప్తే ముందెందుకు సెప్పనేదని అడుగుతారు గదా. దానికి నా దగ్గర జవాబు నేదు. అప్పుడూ నేదు, ఇప్పుడూ నేదు."

నాగబాబు ఒక్క అంగలో అరుగు దిగాడు. చెయ్యి పైకి లేచింది.

"నాగబాబూ!" పైడయ్య కేక వేశాడు.

లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దాన్నేం చేయాలో తెలియనట్టు నాగబాబు దాని వంకే చూసుకుని, కిందకి దించాడు.

"నిన్న వంటింట్లో తప్పెవురిదే అని నిన్నే అడిగినాను," అన్నాడు. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "పొయ్యి కదుపుతూ కూసున్నావు. నాను కుమిలిపోతుంటే సూసినావు."

సూర్యకళ తల దించుకుంది.

"రేపు సాయంత్రం నిన్ను పూడిమడకలో దింపీసొస్తాను. మూట కట్టుకో."

పోతమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. దేవి కాగితం పట్టుకుని బిక్కచచ్చి నిలబడింది.

తవిటమ్మ ఇంకా ఆరడుగుల అవతలే ఉంది.

"ఆ పెళ్ళికి నానూ వచ్చినాను గదే," అంది.

"వచ్చినావత్తా."

"నీ సెల్లికి పసుపు రాసినాను. అది సిగ్గుపడి నవ్వితే మొకమంతా ఒక్కసారే కనపడింది. అప్పుడింకా కనపడింది."

తవిటమ్మ వాకిట్లో దారి వైపు తల తిప్పింది.

"రోజూ దారిలో బిందెలవీ జరిపీసింది నువ్వేనా?"

"నానే."

తవిటమ్మ వెనక్కి తిరిగింది. గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ పూట ఎవరు పిలిచినా తియ్యలేదు.

*

ఆదివారం పొద్దున ఏడింటికి ఆటో వచ్చి వీధి మొగలో ఆగింది. పైడయ్య ముందురోజే చెప్పి ఉంచిన ఆటో. వద్దని చెప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు.

వెళ్తారో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. వస్తానన్న పోతమ్మ బయటికి రాలేదు. తలుపు తెరుచుకుంది. తవిటమ్మ స్నానం చేసి, చిలకాకుపచ్చ చీర కట్టుకుని, తల దువ్వుకుని బయటికొచ్చింది. ఆ చీర సూర్యకళ పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టింది. కావాలని కట్టుకుందో, చేతికి అందింది కట్టుకుందో ఆమె ముఖం చూస్తే తెలియలేదు.

"దేవీ, ఆ కాగితం తెచ్చినావా?"

"తెచ్చినాను మామ్మా."

పైడయ్య ఆమెని ఆటోలో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. దేవి అటుపక్క సర్దుకుంది. నాగబాబు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఎక్కాడు.

సూర్యకళ గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపల మంచం మీద మూట కట్టి ఉంది.

డ్రైవరు స్టార్టరు తాడు లాగాడు. ఇంజను అందుకుంది.

"సూరీ!" తవిటమ్మ పిలిచింది. "రా. ఎక్కు."

సూర్యకళ విన్నది నిజమేనా అన్నట్టు చూసింది.

"అదెక్కితే నాను దిగిపోతాను," అన్నాడు నాగబాబు, వెనక్కి తిరక్కుండా.

"నాను క్షమించీసినానని అనుకోకు," అంది తవిటమ్మ. ఆ మాట కొడుక్కి చెప్పిందో, కోడలికి చెప్పిందో. "నా కోపం నాకుంది. ఎన్నాళ్ళుంటాదో నాకే తెల్దు. అయినా నువ్వు రావాలి. ఎక్కు."

సూర్యకళ వీధి దాటుకుని వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవన్న సంగతి ఆటో దగ్గరికొచ్చాక తెలిసింది. దేవి తాత ఒళ్ళోకి జరిగింది. సూర్యకళ అత్త పక్కన, ఎడమవైపు కూర్చుంది.

అదే క్షణంలో నాగబాబు ముందునుంచి దిగిపోయాడు. చప్పుడు చెయ్యలేదు, మాట అనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒడ్డు వైపు నడిచిపోయాడు. పైడయ్య పిలవబోయి, భార్య వంక చూసి ఆగిపోయాడు. తవిటమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఇంజను మోతలో ఆమెకేమీ వినబడలేదు.

ఆటో ఊరు దాటి కొండ రోడ్డెక్కింది. మలుపు తిరిగే కొద్దీ సముద్రం కిందకి పోతోంది. దేవి కాగితం మడతలు విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చుంది. రెండో మలుపు దగ్గర తవిటమ్మ ముందుకి వంగింది.

"నాగబాబేటీ మాటాడ్డేటి? కోపంగా ఉన్నాడా?"

ముందు సీటు ఖాళీగా ఉంది. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

పైడయ్య గబగబా నోటి మీద వేలు పెట్టుకుని కోడలి వైపు చూశాడు. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. ఈ ఒక్కరోజు. ఈ ఒక్కరోజు దాన్ని ఆ చేపల్ని చూసి రానీ, తర్వాత చెబుదాం.

దేవి తల్లి ముఖంలోకి చూసింది.

"సూరీ, నిన్నే. ఉన్నాడా ముందర?"

"లేడత్తా," అంది సూర్యకళ. "ఊళ్ళోనే దిగిపోనాడు. ఒడ్డు కాడికి ఎల్లిపోనాడు."

"ఏటి సేసినావు తల్లీ," అన్నాడు పైడయ్య నెమ్మదిగా.

తవిటమ్మ కాసేపు ముందుకే చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి చాచి డ్రైవరు భుజం తట్టింది.

"బాబూ, ఆటో ఆపు."

ఆటో రోడ్డు వారగా ఆగింది. ఇంజను ఆగిపోయాక కింద అలల హోరు వినబడింది. తవిటమ్మ సూర్యకళ భుజం పట్టుకుని కిందకి దిగింది. కొండ గాలికి చీర చెంగు ఎగురుతోంది. ఆమె తలని ఇటూ అటూ తిప్పి చూసింది. అన్నివైపులా ఒకేలా ఆకాశమే కనబడినట్టుంది.

"నిజమే సెప్పినావు గదా ఇప్పుడు," అంది కోడలితో. "ఎటెల్లాలో నాను తేల్చుకుంటాను. ఇంకోటి సెప్పు. నాను నిలబడ్డ కాడ్నుంచి ఊరెటేపు, టౌనెటేపు?"